గుండె లయ తప్పిన రోగికి నర్సింగ్ డయాగ్నోసిస్‌లు ఎంచుకోవడం ఎలా? కేర్ ప్లాన్ రాసేవారికి సమగ్ర మార్గదర్శి

కార్డియాలజీ పోస్టింగ్‌లో ఉన్న జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది: "ఏఎఫ్ కేసు ఇచ్చారు, ఏ నర్సింగ్ డయాగ్నోసిస్‌లు రాయాలి?" ఏఎఫ్ అంటే అట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణకడం. నర్సింగ్ డయాగ్నోసిస్ అంటే జబ్బు పేరు కాదు, ఆ జబ్బు వల్ల రోగికి వచ్చి, నర్సు చూసుకోగల సమస్య. వార్డుల్లో ఎక్కువగా కనిపించే లయ తప్పుదల ఇదే.

జబ్బు పేరు పట్టుకుని వెతికితే పుస్తకంలో పదిహేను దొరుకుతాయి. వాటిలో మీ రోగికి సరిపోయేవి కొన్నే ఉంటాయి. ఒకే వార్డులో ఇద్దరికి ఈసీజీ ఒకేలా ఉండొచ్చు. ఒకరు కూర్చుని పేపర్ చదువుకుంటుంటారు, ఇంకొకరు ఆయాసంతో పడుకోలేకపోతుంటారు. ఆ ఇద్దరి కేర్ ప్లాన్ ఒకటే అయితే ఎవరో ఒకరికి అన్యాయం జరిగినట్టే. లయ తప్పడం వల్ల ఈ మనిషి ఒంట్లో, రోజువారీ బతుకులో ఏం మారిందో చూసి డయాగ్నోసిస్ ఎంచుకోవాలి. ఆ పని వరుసగా ఎలా చేయాలో చూద్దాం.

## 1. రాయడానికి ముందు: మంచం దగ్గర సేకరించాల్సినవి

కేస్ షీట్ చూసి రాసే కేర్ ప్లాన్‌లో సగం లోపాలు ఇక్కడే పుడతాయి. ముందు రోగి దగ్గరికి వెళ్లండి.

నాడి: 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఏఎఫ్‌లో రెండు కొట్టుకోవడాల మధ్య వ్యవధి ప్రతిసారీ మారుతుంది. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి.

ఏపెక్స్ (గుండె కొన), రేడియల్ (మణికట్టు) నాడి తేడా: ఇద్దరు కలిసి, ఒకే గడియారం చూస్తూ చేయాల్సిన పని. ఒకరు స్టెతస్కోప్‌ను ఎడమవైపు ఐదో పక్కటెముకల సందులో, కాలర్‌బోన్ మధ్యభాగానికి సూటిగా కింద పెట్టి లెక్కపెట్టాలి. రెండోవారు అదే నిమిషంలో మణికట్టు దగ్గర లెక్కపెట్టాలి. ఏపెక్స్ 130, రేడియల్ 108 వస్తే పల్స్ డెఫిసిట్ 22. అంటే ఆ నిమిషంలో 22 సార్లు గుండె కొట్టుకున్నా, మణికట్టు దాకా అందేంత రక్తం బయటికి రాలేదు. కార్డియాక్ అవుట్‌పుట్ (నిమిషంలో గుండె తోసే రక్తం) గురించి మీరు స్వయంగా సంపాదించే గట్టి ఆధారం ఇది. చాలా ఫైళ్లలో కనిపించనిది కూడా ఇదే.

బీపీ: లయ తప్పినప్పుడు ఆటోమేటిక్ మిషన్ రీడింగ్ నమ్మదగినది కాదు. చేత్తో, రెండు మూడు సార్లు చూసి సగటు రాయండి.

మిగతావి ఈ చెక్‌లిస్ట్ ప్రకారం చూసుకోండి:

- శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, ఊపిరితిత్తుల అడుగుభాగంలో చిటపట శబ్దాలు (బేసల్ క్రెపిటేషన్స్)
- చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయా, గోరు నొక్కి వదిలితే రంగు ఎంతసేపటికి వచ్చింది
- గంటకు మూత్రం ఎంత (కిలో బరువుకు గంటకు 0.5 మి.లీ. కన్నా తగ్గితే గమనించాలి)
- స్పృహ, మాట, ముఖంలో వంకర, రెండు చేతుల బలం
- కాళ్ల వాపు, ఈరోజు బరువు, నిన్నటి బరువు
- కళ్లు తిరగడం, పడిపోవడం, ఛాతీ నొప్పి
- పొటాషియం, మెగ్నీషియం, ఐఎన్ఆర్ (రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే పరీక్ష), థైరాయిడ్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్
- ప్రస్తుత మందులు, ఇంట్లో వాడిన మందులు, మెడికల్ షాపులో సొంతంగా కొన్నవి
- మద్యం, టీ, కాఫీ, నిద్ర
- రోగి తన మాటల్లో చెప్పింది, చెప్పినట్టుగానే

ఒక ముఖ్యమైన హెచ్చరిక. బీపీ పడిపోతున్నా, ఛాతీ నొప్పి వస్తున్నా, స్పృహ తగ్గుతున్నా, ఆయాసం ఒక్కసారిగా పెరిగినా కేర్ ప్లాన్ పక్కన పెట్టండి. వెంటనే సిస్టర్‌ని, డాక్టర్‌ని పిలవండి. క్రాష్ ట్రాలీ, డీఫిబ్రిలేటర్ మంచం దగ్గరికి రావాలి. ఒకవైపు ముఖం జారినా, మాట ముద్దగా వచ్చినా, చేయి పైకి లేవకపోయినా అంతే. అది ఎన్ని గంటలకు మొదలైందో రాసిపెట్టుకోండి. చికిత్స నిర్ణయం ఆ సమయం మీదే ఆధారపడుతుంది.

## 2. సమాచారాన్ని మూడు గుంపులు చేయండి

సేకరించినదంతా ఒక కాగితం మీద రాసి, ప్రతి వివరం కింది ప్రశ్నల్లో దేనికి జవాబో గుర్తించండి.

గుండె తోసే రక్తం ఒంటికి సరిపోతోందా? ఏఎఫ్‌లో పై గదులు సరిగా ముడుచుకోవు, వణుకుతాయి. కింది గదులు నిండడంలో ఆ చివరి తోపు వాటా సుమారు 20 నుంచి 30 శాతం. అది పోవడం ఒక నష్టం. వేగం పెరిగి, గుండె నిండే సమయం తగ్గిపోవడం రెండో నష్టం. పల్స్ డెఫిసిట్, బీపీ, మూత్రం, ఆయాసం, నీరసం ఈ గుంపులోకి వస్తాయి.

గడ్డ కట్టే ప్రమాదం ఉందా, రక్తం కారే ప్రమాదం ఉందా? వణికే గదిలో, ముఖ్యంగా ఎడమ కర్ణికకు ఉండే చిన్న సంచిలో, రక్తం నిలిచి గడ్డ కడుతుంది. అది మెదడుకు వెళ్తే పక్షవాతం. దాన్ని ఆపడానికి ఇచ్చే మందు రక్తస్రావం తేవచ్చు. ఐఎన్ఆర్, మందుల చరిత్ర, వయసు, పాత స్ట్రోక్, కిడ్నీ పనితీరు ఇక్కడ.

మనిషి ఏం పడుతున్నాడు, ఏం తెలుసుకున్నాడు, ఇంటికెళ్లాక ఏం చేయగలడు? భయం, నిద్ర, మందులు మానేయడం, డబ్బు, తోడు వచ్చేవాళ్లు ఉన్నారా లేదా అన్నవి ఇక్కడ. ఈ మూడో గుంపును చాలామంది "యాంగ్జైటీ" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. రోగి మళ్లీ అడ్మిట్ కావడానికి కారణం చాలాసార్లు ఇందులోనే దొరుకుతుంది.

## 3. ఇప్పటికే ఉందా, రావచ్చా?

ప్రతి సమస్యకూ ఈ ప్రశ్న వేసుకోవాలి. లక్షణాలు కనిపిస్తుంటే అది ప్రస్తుత సమస్య. అప్పుడు మూడు భాగాలుగా రాస్తాం: సమస్య, కారణం, ఆధారాలు.

లక్షణాలు లేకుండా, వచ్చే అవకాశం మాత్రమే ఉంటే "రిస్క్ ఫర్" అని మొదలవుతుంది. దానికి రెండే భాగాలు: సమస్య, ప్రమాద కారకాలు. ఆ రెంటి మధ్య "రిలేటెడ్ టు" రాయాలా, "యాజ్ ఎవిడెన్స్డ్ బై" రాయాలా అన్నది మీ కాలేజీ అనుసరించే పద్ధతిని బట్టి ఉంటుంది. ఏది రాసినా ఆ స్థానంలో లక్షణాలు రాకూడదు.

లయ తప్పిన రోగికి చేయి పడిపోలేదు, మాట బాగుంది అంటే మెదడు రక్తప్రసరణ గురించి రాసేది రిస్క్‌గానే. ప్రస్తుత సమస్యగా రాస్తే వైవాలో "ఆధారం ఏది?" అని అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

మూడో రకం కూడా ఉంది. పొటాషియం 3.3 ఉందనుకోండి, అంటే తక్కువ. దాన్ని సరిచేసే ఆర్డర్ డాక్టర్‌ది, కనిపెట్టి చూసేది నర్సు. ఇలాంటివి కొలాబరేటివ్ ప్రాబ్లమ్ కింద విడిగా రాయడం మేలు. బలవంతంగా నర్సింగ్ డయాగ్నోసిస్ చేయక్కర్లేదు.

## 4. ఒక ఉదాహరణ

బోధన కోసం కూర్చిన కేసు ఇది. కానీ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పోస్టింగ్ చేసినవారికి కొత్తగా అనిపించదు.

52 ఏళ్ల మహిళ, వ్యవసాయ కూలీ. రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ స్టెనోసిస్ (గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య కవాటం ఇరుకవడం) ఉంది. మూడు రోజులుగా గుండె దడ, ఆయాసం. ఈసీజీలో ఏఎఫ్. ఏపెక్స్ 138, రేడియల్ 112. బీపీ 98/64. శ్వాస నిమిషానికి 26, ఆక్సిజన్ 93 శాతం, ఊపిరితిత్తుల అడుగున చిటపటలు. బరువు 48 కిలోలు, మూత్రం గంటకు 20 మి.లీ. పొటాషియం 3.3. ఐఎన్ఆర్ 1.3. బాత్రూం వరకు నడిచొస్తే శ్వాస 34కు పెరిగి, తేరుకోవడానికి ఐదు నిమిషాలకు పైగా పడుతోంది. నెల క్రితం ఎసిట్రోమ్ (రక్తం గడ్డ కట్టకుండా వేసుకునే మాత్ర) మానేసింది. "ఒంట్లో బాగానే ఉంది కదా అని మళ్లీ తెచ్చుకోలేదు" అంది. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో బిళ్లలు కొనుక్కుంటుంది. "ఎప్పుడు ఆగిపోద్దో అని నిద్ర పట్టట్లేదు" అని కూడా చెప్పింది.

## 5. ఒక్కో డయాగ్నోసిస్‌ను ఎలా తేల్చాలి

### 5.1 డిక్రీజ్డ్ కార్డియాక్ అవుట్‌పుట్

ఏఎఫ్ అనగానే అందరూ మొదట రాసేది ఇదే. కానీ అందరికీ వర్తించదు. నాడి 84, బీపీ 126/80, మూత్రం బాగుంది, మెట్లు ఎక్కగలరు అంటే ఆ రోగికి ఇది ప్రస్తుత సమస్య కాదు, రిస్క్‌గా రాయాలి.

మన ఉదాహరణలో ఆధారాలు గట్టిగా ఉన్నాయి. 48 కిలోల మనిషికి గంటకు కనీసం 24 మి.లీ. మూత్రం రావాలి, వస్తున్నది 20. పల్స్ డెఫిసిట్ 26. మైట్రల్ స్టెనోసిస్‌లో కవాటం ఇరుకు కాబట్టి, వేగం పెరిగేకొద్దీ రక్తం కిందికి దిగే సమయం చాలక ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పెరుగుతుంది. చిటపటలకు కారణం అదే.

ఇలా రాయొచ్చు: "డిక్రీజ్డ్ కార్డియాక్ అవుట్‌పుట్, రిలేటెడ్ టు ఆల్టర్డ్ హార్ట్ రేట్ అండ్ రిథమ్, యాజ్ ఎవిడెన్స్డ్ బై ఏపెక్స్ 138, పల్స్ డెఫిసిట్ 26, బీపీ 98/64, మూత్రం గంటకు 20 మి.లీ., రెండువైపులా బేసల్ క్రెపిటేషన్స్."

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. అవే చిటపటలు, అదే ఆయాసం చూపించి "ఎక్సెస్ ఫ్లూయిడ్ వాల్యూమ్" (ఒంట్లో నీరు ఎక్కువ కావడం), "ఇంపెయిర్డ్ గ్యాస్ ఎక్స్ఛేంజ్" (ఊపిరితిత్తుల్లో వాయువుల మార్పిడి దెబ్బతినడం) కూడా రాస్తుంటారు. ఒకే ఆధారంతో మూడు డయాగ్నోసిస్‌లు రాస్తే చేసే పని మారదు, కాగితం పెరుగుతుంది. బరువు పెరగడం, కాళ్ల వాపు, మూత్రం కన్నా తాగినది ఎక్కువ కావడం లాంటివి ఉంటే ఫ్లూయిడ్ వాల్యూమ్ విడిగా రాయండి. ఆక్సిజన్ శాతం ఇంకా పడిపోతే, ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) తేడాగా వస్తే గ్యాస్ ఎక్స్ఛేంజ్ రాయండి. ఇక్కడ నేనైతే మొదటిదాంతో ఆగుతాను.

### 5.2 రిస్క్ ఫర్ ఇనెఫెక్టివ్ సెరిబ్రల్ టిష్యూ పెర్ఫ్యూజన్

మెదడుకు రక్తం సరిగా అందకపోయే ప్రమాదం ఇది. ప్రమాద కారకాలు: ఏఎఫ్, మైట్రల్ స్టెనోసిస్, లక్ష్యం కన్నా తక్కువగా ఉన్న ఐఎన్ఆర్, మందు మానేయడం. ఈ రోగికి ఐఎన్ఆర్ సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు, ఉన్నది 1.3. రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్‌తో వచ్చే ఏఎఫ్‌లో వార్ఫరిన్, ఎసిట్రోమ్ తరగతి మందులకే మొగ్గు. 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనం కూడా రివరాక్సబాన్ అనే వేరే తరగతి మందు కన్నా ఈ తరగతే మేలని చూపింది. ఈ మందుల పనితీరు తెలిసేది ఐఎన్ఆర్‌తోనే కాబట్టి ఇలాంటి కేసులో అది చూడటం తప్పదు.

### 5.3 యాక్టివిటీ ఇన్‌టాలరెన్స్

"నీరసంగా ఉంది" అన్న ఒక్క మాట చాలదు. పనికి ముందు, పని అవగానే, ఐదు నిమిషాల తర్వాత నాడి, శ్వాస, బీపీ చూడాలి. మన రోగికి శ్వాస 26 నుంచి 34కు పెరిగింది, ఐదు నిమిషాల్లోనూ దిగలేదు. అదే ఆధారం. నాండా (నర్సింగ్ డయాగ్నోసిస్‌ల అంతర్జాతీయ జాబితా) కొత్త సంచికలో దీని పేరు "డిక్రీజ్డ్ యాక్టివిటీ టాలరెన్స్"గా మారింది. మరికొన్ని పేర్లు కూడా మారాయి. మీ కాలేజీ ఏ సంచిక వాడుతోందో ముందే కనుక్కుని అదే వాడండి, రెండూ కలపొద్దు.

### 5.4 నాలెడ్జ్ సమస్యా, సెల్ఫ్-మేనేజ్‌మెంట్ సమస్యా?

మందు ఎందుకు మానేశారని అడగకుండా "డెఫిషియెంట్ నాలెడ్జ్" రాయకండి. జవాబును బట్టి డయాగ్నోసిస్ మారుతుంది.

ఈమె "బాగానే ఉంది కదా" అనుకుంది. మందు లక్షణాల కోసం కాదు, గడ్డ కట్టకుండా ఉండటానికి అని ఆమెకు తెలియదు. ఇది నాలెడ్జ్ సమస్య. చెప్పి, అర్థమైందో లేదో ఆమె నోటితోనే తిరిగి చెప్పించుకోవడం ఇక్కడ పని.

అదే ఆమె "తెలుసమ్మా, కానీ రక్తపరీక్షకు టౌనుకు పోవాలంటే ఒక రోజు కూలి పోతది, తోడు ఎవరూ రారు" అని ఉంటే? ఎంత చెప్పినా ఉపయోగం లేదు. అది "ఇనెఫెక్టివ్ హెల్త్ సెల్ఫ్-మేనేజ్‌మెంట్". దగ్గర్లో పరీక్ష ఎక్కడ చేస్తారో చూడటం, ఇంట్లో ఒకరిని బాధ్యుల్ని చేయడం, ఆశా కార్యకర్తకు చెప్పడం, మెడికల్ సోషల్ వర్కర్‌తో మాట్లాడించడం ఇక్కడ పని. డయాగ్నోసిస్ తప్పితే చేసే సాయం కూడా తప్పిపోతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

### 5.5 యాంగ్జైటీ

గుండె దడ, చెమట ఏఎఫ్ వల్ల కూడా వస్తాయి కాబట్టి అవి మాత్రమే ఆధారం కావు. రోగి మాట కావాలి. "ఎప్పుడు ఆగిపోద్దో అని నిద్ర పట్టట్లేదు" అన్న వాక్యాన్ని అలాగే కొటేషన్‌లో రాయండి. మానిటర్ అలారం మోగినప్పుడల్లా రోగికి టెన్షన్ పెరుగుతుంది. ఆ శబ్దం ఎందుకు వస్తుందో చెప్పడం కూడా ఒక ఇంటర్వెన్షనే (నర్సు చేసే పని).

### 5.6 రిస్క్ ఫర్ బ్లీడింగ్, రిస్క్ ఫర్ ఫాల్స్

అడ్మిట్ అయిన గంటలో ఈమెకు పెద్ద ప్రమాదం గడ్డ కట్టడం. హెపారిన్ (గడ్డ కట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్), ఎసిట్రోమ్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి బ్లీడింగ్ రిస్క్ జతవుతుంది. నొప్పి బిళ్లల అలవాటు దాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే మొదటి రోజు ప్లాన్‌ను మూడో రోజు అలాగే కాపీ చేయకూడదు.

బీపీ తక్కువ, మూత్రం ఎక్కువ చేసే మందు, రాత్రి బాత్రూంకు లేవడం కలిస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. రక్తం పలుచన చేసే మందు మీద ఉన్న మనిషి పడితే తలలో రక్తస్రావం కావచ్చు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

## 6. వరుస ఎలా నిర్ణయించాలి

ప్రాణానికి ఇప్పుడే ముప్పు ఉన్నది ముందు, మిగతావి తర్వాత. మన రోగికి మొదటి రోజు వరుస:

1. డిక్రీజ్డ్ కార్డియాక్ అవుట్‌పుట్
2. రిస్క్ ఫర్ ఇనెఫెక్టివ్ సెరిబ్రల్ టిష్యూ పెర్ఫ్యూజన్
3. రిస్క్ ఫర్ బ్లీడింగ్ (హెపారిన్ మొదలయ్యాక)
4. యాక్టివిటీ ఇన్‌టాలరెన్స్, దాంతో పాటు రిస్క్ ఫర్ ఫాల్స్
5. యాంగ్జైటీ
6. డెఫిషియెంట్ నాలెడ్జ్

రిస్క్ అని పేరున్నవన్నీ చివరికి నెట్టడం అలవాటుగా మారింది. స్ట్రోక్ రిస్క్ ఈ రోగికి యాంగ్జైటీ కన్నా ముందు రావాలి. డిశ్చార్జ్ దగ్గరపడేసరికి వరుస తిరగబడుతుంది, నాలెడ్జ్ పైకి వస్తుంది.

## 7. గోల్, ఇంటర్వెన్షన్

గోల్‌లో అంకె, సమయం రెండూ ఉండాలి. "కార్డియాక్ అవుట్‌పుట్ మెరుగవుతుంది" అనడం గోల్ కాదు. "24 గంటల్లో విశ్రాంతిలో ఏపెక్స్ 110 కన్నా తక్కువ, మూత్రం గంటకు 24 మి.లీ. లేదా ఎక్కువ" అంటే కొలవొచ్చు. అంకెను డాక్టర్ పెట్టిన లక్ష్యంతో సరిచూసుకోండి.

ఈ కేసులో మర్చిపోకూడని పనులు:

- డిగాక్సిన్ (గుండె వేగం తగ్గించే మందు) ఇస్తుంటే, ఇచ్చే ముందు ఒక నిమిషం ఏపెక్స్ లెక్కపెట్టడం. 60 కన్నా తక్కువుంటే ఆపి డాక్టర్‌కి చెప్పడం
- డిగాక్సిన్ మీద ఉన్నప్పుడు పొటాషియం తక్కువైతే విషప్రభావం త్వరగా వస్తుంది. వాంతి, ఆకలి మందగించడం, చూపు పసుపుగా అనిపించడం గమనించడం
- నాలుగు గంటలకోసారి ముఖం, చేయి, మాట చూసి రాయడం
- చిగుళ్లు, మూత్రం, మలం రంగు, చర్మం మీద నల్లటి మచ్చలు చూడటం. మెత్తటి బ్రష్. అవసరం లేని ఐఎం (కండరానికి ఇచ్చే) ఇంజెక్షన్లు వద్దు
- పనుల మధ్య విశ్రాంతి, బెడ్‌సైడ్ కమోడ్, పక్క పట్టీలు

ఆరోగ్య బోధనలో "ఆకుకూరలు మానేయండి" అని చెప్పే పొరపాటు చాలా చోట్ల జరుగుతోంది. పాలకూర, తోటకూర లాంటి వాటిలో విటమిన్ కె ఎక్కువ, అది ఎసిట్రోమ్ పనిని తగ్గిస్తుంది, నిజమే. కానీ మానక్కర్లేదు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే మందు డోసు దానికి సర్దుకుంటుంది. ఒక వారం రోజూ తిని, మరుసటి వారం ముట్టకపోతేనే ఇబ్బంది. మాత్ర మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదనీ, డాక్టర్‌ని అడగకుండా నొప్పి బిళ్లలు కొనొద్దనీ తప్పక చెప్పండి.

## 8. తరచూ కనిపించే తప్పులు, సరిదిద్దే తీరు

"రిలేటెడ్ టు అట్రియల్ ఫిబ్రిలేషన్" అని రాయడం. వైద్య నిర్ధారణను నర్సు తన ఇంటర్వెన్షన్‌తో మార్చలేరు. "ఆల్టర్డ్ హార్ట్ రేట్ అండ్ రిథమ్" అని రాయండి. జబ్బు పేరు కావాలంటే "సెకండరీ టు" తర్వాత చేర్చండి.

నొప్పి లేకుండా "అక్యూట్ పెయిన్" రాయడం. గుండె కేసు అనగానే చేయి అటు పోతుంది. రోగి నొప్పి స్కోరు చెప్పకపోతే తీసేయండి.

డయాగ్నోసిస్ ఒకటి, ఇంటర్వెన్షన్ ఇంకొకటి. ప్రతి పనీ కారణాన్నో, ఆధారాన్నో తాకాలి. తాకని పనిని కొట్టేయండి.

ఎవాల్యుయేషన్‌లో "గోల్ మెట్" అని మాత్రమే రాయడం. అంకె రాయండి: "ఏపెక్స్ 96, డెఫిసిట్ 8, మూత్రం గంటకు 40 మి.లీ."

## 9. లయ వేరేదైతే

పద్ధతి అదే, జవాబులు మారతాయి. కంప్లీట్ హార్ట్ బ్లాక్‌లో (పై గదుల సంకేతం కింది గదులకు అసలు అందని స్థితిలో) నాడి 30, 40 మధ్య ఉండి కళ్లు తిరిగి పడిపోతుంటే కార్డియాక్ అవుట్‌పుట్, ఫాల్స్ పైకొస్తాయి. టెంపరరీ పేస్‌మేకర్ పెడితే ఇన్ఫెక్షన్ రిస్క్ జతవుతుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుడిలో ఊపిరి పీల్చినప్పుడు నాడి కాస్త పెరిగి, వదిలినప్పుడు తగ్గుతుంటే అది సైనస్ అరిథ్మియా, సహజమే. దానికి ఏ డయాగ్నోసిస్సూ అక్కర్లేదు.

## 10. ఫైల్ ఇచ్చే ముందు

- నాడి నిమిషం పాటు లెక్కపెట్టానా, పల్స్ డెఫిసిట్ రాశానా?
- ప్రస్తుత సమస్య ప్రతిదానికీ కనీసం రెండు ఆధారాలు ఉన్నాయా?
- రిస్క్ అని రాసిన చోట లక్షణాలు దొర్లాయా?
- ఒకే ఆధారాన్ని రెండు మూడు చోట్ల వాడానా?
- మందు ఎందుకు మానేశారో అడిగానా?
- రోగి చెప్పిన మాట కనీసం ఒకటైనా కొటేషన్‌లో ఉందా?
- పేర్లన్నీ ఒకే సంచిక నుంచి తీసుకున్నానా?
- ఈరోజు రిపోర్టులు చూసి వరుస మార్చానా?